గడికి లెక్క, పుటకు మాట: విస్తరణ సేవలో స్ప్రెడ్‌షీట్, వర్డ్ ప్రాసెసర్ల ఎంపిక

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు ప్రధానంగా మెట్ట సేద్యంపై ఆధారపడినవి. వరికుంటపాడు అటువంటి మండలాలలో ఒకటి. జిల్లా వర్షపాతంలో అధిక భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన లభిస్తుంది. ఆ వానలను నమ్ముకొని విత్తే రైతుకు విత్తిన తేదీయే సగం వ్యవసాయం. పది రోజులు ముందుగా విత్తిన చేనుకూ ఆలస్యంగా విత్తిన చేనుకూ దిగుబడిలో ఎంత తేడా వచ్చిందో చెప్పాలంటే తేదీలు, రకాలు, దిగుబడులు ఏటేటా ఒకే తీరున నమోదై ఉండాలి. విస్తరణ సిబ్బంది ఈ వివరాలను శ్రమించి సేకరిస్తున్నారు. కానీ వాటిలో చాలా భాగం ఆ నెల నివేదికతోనే ముగిసిపోయి, మరుసటి ఏడాది ఎవరికీ అక్కరకు రావడం లేదు. దీనికి ఒక ముఖ్య కారణం లెక్కను వర్డ్ ప్రాసెసర్‌లోనూ, మాటను స్ప్రెడ్‌షీట్‌లోనూ పెట్టే అలవాటు.

పని స్వభావమే కొలమానం

ఈ విభజన కంప్యూటరుతో వచ్చినది కాదు. గ్రామ కరణాలు సర్వే నంబరు, విస్తీర్ణం, పైరు వంటి వివరాలను అడంగల్ గడులలో వ్రాశారు. గ్రామ వృత్తాంతాన్ని కైఫీయతులలో వచనంగా వ్రాశారు. మొదటిది కూడికకు, రెండవది చదువుకొనడానికి. 1979లో వెలువడిన విసిక్యాల్క్, ఆ తరువాత లోటస్ 1-2-3, ఎక్సెల్ చేసినది ఆ గడుల కాగితానికి తనంతట తాను లెక్కించే శక్తిని ఇవ్వడమే.

కనుక ఎంపికకు రెండు ప్రశ్నలు చాలు. ఈ సమాచారాన్ని మళ్ళీ కూడవలసి, వేరు చేయవలసి, పోల్చవలసి వస్తుందా? అయితే అది స్ప్రెడ్‌షీట్‌కు చెందినది. ఒక మనిషి దీనిని మొదటి నుండి చివరి వరకు చదివి అర్థం చేసుకోవాలా? అయితే అది వర్డ్ ప్రాసెసర్‌కు చెందినది.

పట్టికలో చిక్కిన లెక్కలు

మొదటి శ్రేణి క్షేత్ర ప్రదర్శనల నివేదికనే తీసుకోవచ్చు. ప్రదర్శన క్షేత్రపు దిగుబడి నుండి రైతు పద్ధతిలో వచ్చిన దిగుబడిని తీసివేస్తే విస్తరణ అంతరం వస్తుంది. రకం సామర్థ్య దిగుబడి నుండి ప్రదర్శన దిగుబడిని తీసివేస్తే సాంకేతిక అంతరం వస్తుంది. సాంకేతిక అంతరాన్ని సామర్థ్య దిగుబడితో భాగించి నూరుతో హెచ్చవేస్తే సాంకేతిక సూచిక. ఇవన్నీ సూత్రాలే. స్ప్రెడ్‌షీట్‌లో ఒక దిగుబడి అంకెను సరిదిద్దితే వెంటనే ఇవన్నీ సరి అవుతాయి. వర్డ్ పట్టికలో అంకె మారినా మొత్తం పాతదే నిలిచి ఉంటుంది. అక్కడ కూడిక సూత్రం పెట్టినా, ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అది మారదు. తప్పుడు మొత్తం చక్కని పట్టికలో ముద్రితమైతే దానిని అనుమానించేవారు అరుదు.

కొలతల విషయంలో నష్టం మరింత. నెల్లూరు జిల్లాలో వరి దిగుబడిని 850 కిలోల పుట్టితో చెప్పడం వాడుక. నివేదికలో ‘ఎకరాకు 3 పుట్లు’ అని వ్రాస్తే రైతుకు చక్కగా తెలుస్తుంది. కానీ కంప్యూటరుకు అది అంకె కాదు, కేవలం అక్షరాలు. దిగుబడి గడిలో 3 అని మాత్రమే ఉంచి, కొలతను పక్క గడిలో చూపితే అదే విలువ హెక్టారుకు సుమారు 6,300 కిలోలని తేలికగా మార్చి ఇతర జిల్లాల ఫలితాలతో పోల్చవచ్చు.

గడులలో నలిగిన మాటలు

దీనికి విరుద్ధమైన లోపమూ ఉన్నది. సస్యరక్షణ సలహాలను, శిక్షణ నివేదికలను, ఒక్కొక్కప్పుడు రైతులకిచ్చే కరపత్రాలను సైతం ఎక్సెల్ గడులలో కుక్కడం కనిపిస్తుంది. గడి సగం వాక్యాన్ని దాచివేస్తుంది. ముద్రించినప్పుడు కుడివైపు వరుసలు వేరే కాగితంపైకి పోతాయి. మందు పేరు ఒక కాగితంలో, మోతాదు మరొక కాగితంలో పడితే ఆ సలహా రైతుకు మేలు కన్నా కీడే చేయవచ్చు. శీర్షికలు, పేరాలు, విషయసూచిక, సవరణల జాడ అవసరమైన ప్రతి రచనా వర్డ్ ప్రాసెసర్‌లోనే ఉండాలి. పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలకూ ఇదే వర్తిస్తుంది. అయితే అందులోని పట్టికలకు మూలమైన లెక్కలు మాత్రం విడిగా స్ప్రెడ్‌షీట్‌లో భద్రపడాలి.

స్ప్రెడ్‌షీట్‌నూ గుడ్డిగా నమ్మరాదు

సరైన సాధనాన్ని ఎన్నుకున్నంత మాత్రాన పొరపాట్లు తొలగిపోవు. సర్వే నంబరు 12-3 అని వ్రాస్తే ఎక్సెల్ దానిని తేదీగా మార్చివేస్తుంది. అమెరికా తేదీ అమరిక ఉన్న కంప్యూటరులో 10-26-26 కాంప్లెక్సు ఎరువు 2026 అక్టోబరు 26గా మారుతుంది. బ్యాంకు ఖాతా సంఖ్యకు ముందున్న సున్న మాయమవుతుంది. 15 అంకెలకు మించిన సంఖ్యలో తరువాతి అంకెలన్నీ సున్నలవుతాయి. నష్టపరిహారం జమ కావలసిన రైతుకు ఇది చిన్న విషయం కాదు. అటువంటి వరుసలను వివరాలు నింపకముందే ‘టెక్స్ట్’గా నిర్ణయించడమే మార్గం.

శాస్త్రలోకమూ దీనికి మూల్యం చెల్లించింది. కొన్ని జన్యువుల సంక్షిప్త నామాలను ఎక్సెల్ తేదీలుగా మార్చుతున్నందున, మానవ జన్యువుల నామకరణ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో 15,841 కరోనా కేసులు సకాలంలో లెక్కకు రాలేదు. పాత తరహా ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టకపోవడమే అందుకు కారణం. వేల రైతుల వివరాలు ఏళ్ళ తరబడి పేరుకొనే చోట స్ప్రెడ్‌షీట్ కూడా చాలదు. అక్కడ డేటాబేస్ కావాలి.

వ్రాత తీరులోని నిలకడ మరొక అంశం. శనగ రకాన్ని ఒకరు ‘జె.జి. 11’ అని, మరొకరు ‘జేజీ-11’ అని వ్రాస్తే స్ప్రెడ్‌షీట్ వాటిని రెండు రకాలుగా లెక్కిస్తుంది. పేర్లను ముందుగా ఇచ్చిన జాబితా నుండి ఎంచుకొనే ఏర్పాటు ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ముద్రణకు వాడే పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పేర్లు వెదికితే దొరకవు, అక్షరక్రమంలో అమరవు. కనుక నమోదు యూనికోడ్‌లోనే జరగాలి.

రెండింటి కలయిక

భూసార ఆరోగ్య పత్రం ఈ రెండు సాధనాల పొత్తుకు మంచి ఉదాహరణ. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఈ పథకంలో ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, పోషకాలు కలిపి 12 అంశాలు పరీక్షిస్తారు. ఆ ఫలితాలు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క వరుసగా ఉండాలి. రైతుకు అందే సలహా లేఖ వర్డ్‌లో తయారు కావాలి. మెయిల్ మెర్జ్ ద్వారా పేరు, సర్వే నంబరు, విలువలు ఆయా లేఖలలోకి వాటంతట అవే చేరుతాయి. ఒకే వివరాన్ని రెండుసార్లు టైపు చేయడమూ, ఒకరి అంకె మరొకరి లేఖలో పడే ప్రమాదమూ తగ్గుతాయి.

చేయదగినవి

పది మంది రైతుల వివరాలకు వర్డ్ పట్టిక చాలునని, పై కార్యాలయం సంతకంతో కూడిన కాగితమే అడుగుతుందని కొందరి వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఈ ఏటి పది వరుసలు ఐదేళ్ళకు యాభై అవుతాయి. విత్తిన తేదీకీ దిగుబడికీ గల సంబంధం అప్పుడే బయటపడుతుంది. సంతకానికి కావలసిన కాగితాన్ని స్ప్రెడ్‌షీట్ నుండి తీయవచ్చు; వేర్వేరు వర్డ్ ఫైళ్ళలో చెదిరిన అంకెలను మాత్రం ఎవరో ఒకరు మళ్ళీ టైపు చేయవలసిందే.

కనుక అంకెలు కోరే ప్రతి నమూనాను స్ప్రెడ్‌షీట్ రూపంలోనే పంపే పద్ధతి జిల్లా స్థాయిలో రావాలి. ఒక రైతు, ఒక పైరు, ఒక కాలం ఒకే వరుసగా ఉండాలి, శీర్షికలు ఒకే వరుసలో ఉండాలి, గడులను కలిపివేయరాదు. వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులకు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలోనే ఈ నమోదు నేర్పాలి. పరిశోధన నివేదికతో పాటు దాని మూల స్ప్రెడ్‌షీట్‌ను కూడా స్వీకరించే నియమాన్ని విశ్వవిద్యాలయాలు పెట్టుకోవాలి. ఇందుకు కొత్త ఖర్చేమీ అవసరం లేదు. వరికుంటపాడు వంటి మెట్ట మండలంలో ప్రతి ఏటి వానా ఒక ప్రయోగమే. దాని ఫలితాన్ని పోల్చదగిన రూపంలో దాచి ఉంచితేనే వచ్చే ఏటి విత్తనం వేళకు రైతుకు ఆధారంతో కూడిన సలహా అందుతుంది.