మీట ఎక్కడ పెట్టాలి?

అమెరికాలో సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ప్లానులు కొనుక్కుని, గరాజులో ఏళ్ళ తరబడి శని ఆదివారాలు ధారపోసి కడతారు. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేశారని చూపిస్తే ఎఫ్.ఏ.ఏ. దాన్ని "ఎక్స్‌పెరిమెంటల్" కింద నమోదు చేస్తుంది. ఏ మీట ఎక్కడుండాలని ఫ్యాక్టరీ విమానాలకి ఉన్న రూల్సు వీటికి వర్తించవు. నా విమానం, నా ఇష్టం అన్నమాట. ఆ స్వేచ్ఛ నాకూ ముచ్చటే, కానీ కాక్‌పిట్ దగ్గర మాత్రం ఒప్పుకోను.

జాన్ డెన్వర్ తెలుసుగా, "టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్" పాడినాయన. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ దగ్గర ఆయన విమానం సముద్రంలో కూలింది. అది బర్ట్ రూటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ. వేరొకరు కట్టినది, ఈయన కొత్తగా కొన్నాడు. రెండు టాంకులుంటాయి, ఒకటి అయిపోతే రెండోదానికి తిప్పుకోవాలి. రూటాన్ ప్లానులో ఆ పిడి పైలట్ కాళ్ళ మధ్య ఉంటుంది. కట్టినాయన మాత్రం కాక్‌పిట్‌లోకి పెట్రోలు రాకూడదని దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకి బిగించాడు.

విడిగా చూస్తే ఆ ఆలోచనలో తప్పులేదు. ఇప్పుడు చెయ్యి వైపు నుంచి చూడండి. కంట్రోల్ స్టిక్ కుడి పక్కన. అది వదిలేసి, భుజం బెల్టు విప్పి, ఒళ్ళంతా ఎడమకి తిప్పి, వెనక ఉన్న పిడి పట్టుకోవాలి. పిడి మీద గుర్తులు కూడా లేవు. అలా తిరిగేటప్పుడు ఆసరా కోసం కుడికాలు తన్నిపెడతాం, అక్కడున్నదేమో కుడి రడ్డర్ పెడల్! విమానం పక్కకి తిరిగిపోతుంది. ప్రమాద విచారణలో తేల్చినదీ ఇదే. పెట్రోలు నింపుకోకుండా బయల్దేరడం పైలట్ తప్పని రాశారు, పిడి అందని చోట పెట్టడమూ ఒక కారణమేనని రాశారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. పిడి అందటం లేదని ముందే తెలుసు. దానికి పట్టకారు తగిలించి పొడుగు చెయ్యాలని చూశారు, కుదర్లేదు. వెనకున్న పెట్రోలు గేజీలు చూసుకోవడానికి ఒక అద్దం ఇచ్చారు. మన భాషలో వర్క్‌ఎరౌండ్. యూజరు పట్టకారు వెతుక్కుంటున్నాడంటే బగ్ రిపోర్టు వచ్చేసినట్టే.

ఇది కొత్త సంగతి కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 పైలట్లు దిగాక ఫ్లాప్స్ బదులు చక్రాలు మడిచేస్తుండేవాళ్ళు. రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉండేవి. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, ఇంకోదానికి రెక్క ఆకారం తగిలించాడు. 1947లో ఫిట్స్, జోన్స్ అలాంటి 460 "పైలట్ పొరపాట్లు" పరిశీలించి, చాలావాటికి మూలం మీటల అమరికలోనే ఉందన్నారు.

"నేను అలవాటు పడతాగా" అంటారు కట్టేవాళ్ళు. ఇండియాలో మారుతి నడిపి అమెరికా వచ్చినవాళ్ళని అడగండి, మలుపు దగ్గర ఇండికేటర్ బదులు ఎన్నిసార్లు వైపర్లు ఆడాయో. అలవాటు మామూలప్పుడు బానే ఉంటుంది, కంగారులో చెయ్యి పాతచోటికే పోతుంది. పైగా విమానం రేపు అమ్ముతారు. కొనేవాడి చెయ్యి మీది కాదు.

రేడియో, జీపీఎస్, కాఫీ కప్పు మీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకోండి. ఇంజను ఆగిన నిమిషంలో వెతుక్కునేవి మాత్రం, అంటే పెట్రోలు పిడి, థ్రాటిల్, మిక్స్చర్, ప్లానులో ఉన్నచోటే ఉండనివ్వండి. మార్చక తప్పదంటారా, ముందు అట్టలతో, ప్లైవుడ్‌తో ఒక ఉత్తుత్తి కాక్‌పిట్ చెయ్యండి. మీకన్నా పొట్టివాణ్ణి ఒకణ్ణి, పొడుగువాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టి, బెల్టు బిగించి, కళ్ళకి గంతలు కట్టి, టాంకు మార్చమనండి. చేతులు సరే, ఆ టైములో కాళ్ళు ఎటు పోతున్నాయో చూడండి.