రేటు కాగితం మీద పెట్టని షోరూమ్‌లో అడ్వాన్సు కట్టొద్దు

తల్లాడ సెంటర్ నుంచి ఒక రోడ్డు వైరా మీదుగా ఖమ్మం పోతుంది, ఒకటి కల్లూరు మీదుగా సత్తుపల్లి, ఇంకొకటి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం. మన సంఘం సభ్యుడొకరు 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ కోసం మూడు రోడ్లూ తిరిగి వచ్చారు. అదే కంపెనీ, అదే మోడల్. మూడు చోట్లా మూడు రేట్లు, ఎక్కువ తక్కువలకు ముప్పై వేల పైచిలుకు తేడా. ఇందులో ట్రాక్టర్ ధర ఎంత, పన్ను ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అని అడిగితే, ఒకచోట విజిటింగ్ కార్డు వెనక ఒకే ఒక్క అంకె రాసిచ్చారు. ‘‘అన్నా, మీకు కాబట్టి ఈ రేటు. బయట ఎవరికీ చెప్పకండి’’ అన్నారట.

ఎవరికీ చెప్పొద్దన్న ఆ మాట దగ్గరే మనం ఆగాలి. ఖమ్మం యార్డులో మన మిర్చికి జెండా పాట పెడతారు. ఆ రేటు ఒకరిద్దరికి దక్కి, మిగతావాళ్ల బస్తాలు దాని కింద ఎంతకో పోతాయి. అందులోని అన్యాయం మీద మనం ఎన్ని ధర్నాలు చేశామో లెక్క లేదు. కానీ ఆ పాటైనా పదిమంది ముందు పాడతారు. మనం కొనే ట్రాక్టర్‌కు ఆ పాటి బహిరంగం కూడా లేదు. అమ్మేటప్పుడు రేటు వాళ్లదే, కొనేటప్పుడూ వాళ్లదే, పైగా అది రహస్యం. సబ్బుబిళ్ల మీద గరిష్ట ధర అచ్చువేస్తారు. లక్షలు పెట్టి కొనే ట్రాక్టర్ మీద ఏ ధరా ఉండదు.

చిన్న ట్రాక్టర్ మన మండలాల్లో సోకు కోసం కొనేది కాదు. పత్తి, మిర్చి సాళ్ల మధ్య గుంటుక తోలడానికి అరకలు దొరకడం లేదు. ఎద్దులు మేపేవాళ్లు ఊరికి కొద్దిమందే మిగిలారు. పెద్ద ట్రాక్టర్ సాళ్లలో పట్టదు, మామిడి కొమ్మల కింద దూరదు. మూడు నాలుగెకరాల రైతు, ఏన్కూరు, జూలూరుపాడు వైపు పోడు పట్టా రైతు, ఇద్దరికీ పనికొచ్చేది ఇదే. వానాకాలం ముంచుకొచ్చి, కలుపు ఆగని రోజుల్లో షోరూమ్‌కు పోయినవాడు బేరమాడే స్థితిలో ఉండడు. ఆ సంగతి అమ్మేవాడికి మనకంటే బాగా తెలుసు.

ఇప్పుడు పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. టైర్లు, ట్యూబులు, విడిభాగాల మీద 18 ఉన్నదీ 5 అయింది. కేంద్ర వ్యవసాయ మంత్రి కంపెనీలను ఢిల్లీకి పిలిచి ఈ లాభం రైతుకు చేరాలని చెప్పారు. 35 హెచ్‌పీ ట్రాక్టర్ 41 వేలు, 45 హెచ్‌పీ ట్రాక్టర్ 45 వేలు తగ్గుతుందని ప్రకటించారు కూడా. మన చిన్న ట్రాక్టర్ లెక్క మనమే వేసుకుందాం. పన్ను లేకుండా ధర 4 లక్షలు అనుకుంటే పాత పన్నుతో 4,48,000. కొత్త పన్నుతో 4,20,000. తగ్గాల్సింది 28,000.

ఈ 28 వేలు ఎవరిచ్చిన స్కీమూ కాదు, పండగ ఆఫరూ కాదు, డీలర్ దయ అసలే కాదు. ‘‘ఈ నెల స్పెషల్ డిస్కౌంట్ 20 వేలు’’ అని ఎవరన్నా బోర్డు పెడితే, అది పన్ను తగ్గింపు పోను ఇచ్చేదా, ఆ తగ్గింపునే డిస్కౌంట్ పేరుతో ఇచ్చి ఎనిమిది వేలు మిగుల్చుకునేదా అని నిలదీసి అడగాలి. దీనికి ఒకటే కొలబద్ద. పన్నుకు ముందు ధర సెప్టెంబరు 22కు ముందు ఎంత, ఇప్పుడు ఎంత? ఆ అంకె పెరిగిందంటే మన పన్ను తగ్గింపులో అంత మేర ఎవరో నొక్కేశారన్నమాట.

పన్ను తగ్గించిన ప్రభుత్వం కాపలా పెట్టిందా అంటే, ఉన్న కాపలాను అంతకుముందే తీసేసింది. తగ్గిన పన్ను కొనేవాడికి చేర్చాలని జీఎస్టీ చట్టం 171వ సెక్షన్‌లోనే ఉంది. దాన్ని చూడటానికి 2017లో ఒక సంస్థ పెట్టారు. 2022లో ఆ పని కాంపిటీషన్ కమిషన్‌కు, ఆ తర్వాత అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు మార్చారు. చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులే తీసుకోబోమని తేల్చారు. అంటే ఏప్రిల్‌లో తలుపు మూసి, సెప్టెంబరులో పన్ను తగ్గించారు. మిగిలింది 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్. దానికి ఫోన్ చేయండి, కానీ చేతిలో కాగితం ఉంచుకుని చేయండి.

ఆ కాగితం రాకుండా చేసేదే ‘ఆన్‌రోడ్’ అనే మాట. అన్నీ కలిపి ఇంత అంటారు. విడదీయమంటే అందులో హ్యాండ్లింగ్ చార్జీలుంటాయి, బంపర్, హుడ్డు, హుక్కు ఉంటాయి, రిజిస్ట్రేషన్‌కు ఫీజు కంటే ఎక్కువ పట్టిన సొమ్ము ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించాలన్న రూలు ఎక్కడా లేదు, మనకు నచ్చిన కంపెనీలో చేయించుకోవచ్చు. రోటవేటర్ కూడా ఇక్కడే తీసుకుంటేనే ఈ రేటు అనడం ఇంకో పద్ధతి. కొంత సొమ్ము రశీదు లేకుండా చేతికి తీసుకుని బిల్లులో తక్కువ రాయడం మరొకటి. రేపు ట్రాక్టర్ పోయినా, కోర్టుకెక్కినా బిల్లులో ఉన్నంతే మన సొమ్ము, చేతికిచ్చినది చేతికే పోయినట్టు.

వడ్డీ దగ్గర పోయేది దీనికంటే ఎక్కువ. ‘‘తొమ్మిది శాతమే’’ అంటారు. ఫ్లాట్ అన్న మాట మెల్లగా అంటారు, లేదంటే అనరు. 3 లక్షల అప్పు, నాలుగేళ్లు, ఆరు నెలలకో కిస్తీ అనుకుందాం. ఫ్లాట్ తొమ్మిది శాతమైతే వడ్డీ 1,08,000, ఒక్కో కిస్తీ 51,000. కట్టిన కొద్దీ అసలు తరిగే పద్ధతిలో అదే తొమ్మిది శాతమైతే వడ్డీ 64 వేల లోపు. తేడా 44 వేలు! ఫ్లాట్ తొమ్మిది అంటే నిజంగా పడే వడ్డీ సుమారు 15 శాతం. రేటులో రెండు వేల కోసం గంటసేపు బేరమాడి, ఫైనాన్స్ కాగితాల మీద రెండు నిమిషాల్లో సంతకాలు పెట్టి వస్తున్నాం. ఇందులో మన తప్పూ ఉంది, ఒప్పుకుందాం. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ సంతకానికి ముందే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే పత్రం ఇవ్వాలని, అందులో ఏడాదికి నిజంగా పడే శాతం రాయాలని, అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. తెలుగులో అడగండి.

డీలర్ కూడా అప్పు తెచ్చి స్టాకు పెడతాడు, షోరూమ్ అద్దె కడతాడు, కంపెనీ టార్గెట్లకు నలుగుతాడు. నిజమే. న్యాయమైన లాభం తీసుకోవద్దని మనం అనడం లేదు. ఆ లాభం ఎంతో కనపడనివ్వమంటున్నాం. పైన కూర్చున్న కంపెనీల సంగతి చూడండి. స్వరాజ్ 2007లో మహీంద్రా చేతికి పోయింది. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే కొన్నది. ఎస్కార్ట్స్, కుబోటా ఒకటయ్యాయి. రోడ్డు మీద రంగురంగుల బోర్డులు కనిపిస్తాయి గానీ వెనక యజమానులు కొద్దిమందే. మహీంద్రా ఫ్యాక్టరీ మన రాష్ట్రంలోనే జహీరాబాద్‌లో ఉంది. అక్కడ తయారైన బండి ధర తల్లాడ రైతుకు ఎందుకు రహస్యం కావాలి?

ఇది అయ్యే పని కాదనేవాళ్లు అమెరికాలోని నెబ్రాస్కా వైపు చూడాలి. నాసిరకం ట్రాక్టర్ కొని మోసపోయిన విల్మట్ క్రోజియర్ అనే రైతు అక్కడి శాసనసభకు వెళ్లి 1919లో చట్టం చేయించాడు. యూనివర్సిటీ పరీక్ష చేశాకే ఏ మోడలైనా ఆ రాష్ట్రంలో అమ్మాలి, స్పేర్ పార్టులు అందుబాటులో ఉంచాలి. మనకూ పరీక్షా కేంద్రాలున్నాయి, మధ్యప్రదేశ్‌లో బుద్ని, అనంతపురం జిల్లాలో గార్లదిన్నె. ఇంజిన్ హెచ్‌పీ ఎంత, రోటవేటర్ తిప్పే పీటీవో దగ్గరికి చేరేది ఎంత, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది, అన్నీ ఆ రిపోర్టుల్లో ఉంటాయి. షోరూమ్‌లో మాత్రం ఇంజిన్ హెచ్‌పీ ఒక్కటే చెబుతారు, అదే పెద్ద అంకె కాబట్టి. ధరతో పాటు ఆ రిపోర్టు కూడా చూపించమని అడగండి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి ఎక్కువేం లేవు. ప్రతి షోరూమ్ గోడ మీద మోడల్ వారీగా పన్నుకు ముందు ధర, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ విడివిడిగా తెలుగులో రాసిన బోర్డు ఉండాలి. సబ్సిడీ పథకం వచ్చినప్పుడు సబ్సిడీ ధరా, మామూలు ధరా పక్కపక్కన పెట్టాలి. లేదంటే సబ్సిడీ రైతు పేరున వచ్చి డీలర్ ఇంట్లో దిగుతుంది. పన్ను తగ్గింపు మీద ఫిర్యాదులు తీసుకునే సంస్థను మళ్లీ తెరవాలి.

అప్పటిదాకా సంఘం తరఫున ఒక పని మొదలుపెడుతున్నాం. ఈ సీజన్‌లో చిన్న ట్రాక్టర్ కొనదలచిన సభ్యులు గ్రామ కమిటీకి పేరు ఇవ్వండి. ఒక్కొక్కరుగా కాక కలిసి పోదాం. మూడు పట్టణాల్లోనూ ముద్ర వేసి సంతకం పెట్టిన కొటేషన్లు తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఐదారు బండ్లకు ఒకేసారి బేరం చేద్దాం. డెలివరీ రోజు ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెల, సంవత్సరం చూసుకున్నాకే తాళం తీసుకోండి. నిరుడు మిగిలిన బండిని ఈ ఏటి ధరకు అంటగట్టడం కొత్తేం కాదు.

ఇప్పటికే కొన్నవాళ్లు బిల్లు, ఫైనాన్స్ కాగితాలు కమిటీకి చూపించండి. 2025 సెప్టెంబరు 22 తర్వాత కొన్న ట్రాక్టర్ బిల్లులో సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం ఉండాలి. తేడా ఉంటే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదాం. సొంత సేద్యానికి, బతుకుదెరువుకు కొన్న రైతు ఆ చట్టం కింద వినియోగదారుడే. బండికి ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చిన అంకె ఉన్నా తీసుకురండి, పారేయకండి.