బతికుండే నాయిక కావాలి

తెలుగు వీరగాథలో ఆడదానికి రెండే పనులు. మొగుణ్ణి యుద్ధానికి సాగనంపడం, ఆ తర్వాత చావడం. మధ్యలో నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడిందా, ఇక ఆవిడ పల్నాటి నాయకురాలు నాగమ్మే; ఎనిమిది వందల ఏళ్ళు దాటినా తిట్లు ఆగవు. అదే కథలో మంచాల మొగుడు బాలచంద్రుణ్ణి రణానికి పంపింది. అలరాజుని విషం పెట్టి చంపితే భార్య పేరిందేవి చితి ఎక్కింది. బొబ్బిలి కోటలో ఆడవాళ్ళని వాళ్ళ మగవాళ్ళే చంపారు. వీటికి వంశగౌరవం అని పేరు పెట్టి పిల్లలకు చెబుతాం. చెప్పి, పిల్లలు మన చరిత్ర చదవడం లేదని ఏడుస్తాం.

నాకు ఒళ్ళు మండేది ఈ ఏడుపు విన్నప్పుడే.

మొన్న వేసవిలో నూజివీడు పక్కన ఒక తోటలో చూశాను. షెడ్డు కింద చిన్న రసాలు తొడిమలు తుంచి, సొన కారడానికి బోర్లా పెడుతున్నారు ఆడకూలీలు. సొన పడ్డ చోట చేతులు మచ్చలు తేలి ఉన్నాయి. లెక్కలు రాసే అమ్మాయి డిగ్రీ చదువుతోంది. లారీ రావడం ఆలస్యమైతే ఖాళీ ట్రేల మీద కూర్చుని ఫోన్లో ఇంగ్లీషు నవల చదువుకుంటోంది. అట్ట మీద కొండలు, ఓ కోట, చొక్కా లేని తెల్లవాడు, నడుముకి గళ్ళ గుడ్డ. తోట గుత్తకు తీసుకున్న పెద్దాయన తొంగిచూసి, "ఏంటమ్మాయ్ ఈ దిక్కుమాలిన బొమ్మ? మన చరిత్ర లేదా చదువుకోడానికి?" అన్నాడు. "ఏం చదవమంటారు బాబాయ్?" అంది ఆ పిల్ల. ఆయన కాస్త తడుముకుని, బొబ్బిలి యుద్ధం అన్నాడు. "అందులో అందరూ చచ్చిపోతారుగా!" అని ఆ పిల్ల మళ్ళీ ఫోన్లో తల దూర్చింది. పెద్దాయన నావైపు చూశాడు, వంత పాడతానేమోనని. పాడలేదు. నేను ఆ పిల్ల పక్షం.

ఆ గళ్ళ గుడ్డ పచ్చి అబద్ధమని నాకు తెలుసు. జూలీ గార్‌వుడ్ 1989లో రాసిన 'ది బ్రైడ్' ఈ రకం నవలల్లో పేరుమోసింది. కథాకాలం 1100. ఇంగ్లండు పిల్ల జేమీని స్కాట్లండు కొండజాతి దొర అలెక్ కింకేడ్‌కి కట్టబెడతారు. కథంతా ఆ ఇద్దరూ ఒకరికొకరు లొంగకుండానే దగ్గరవడం. మంచిదే. కానీ మోకాళ్ళ దాకా వేలాడే ఆ గళ్ళ గుడ్డ, కిల్టు, 12వ శతాబ్దంలో లేదు. దానికి తాతలాంటి దుప్పటి కట్టు కూడా 16వ శతాబ్దం చివర్లో గానీ కనబడదు. ఇప్పుడు మనం చూసే పొట్టి కిల్టుని 18వ శతాబ్దంలో థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుము వ్యాపారి తన కొలిమి పనివాళ్ళ కోసం కుట్టించాడని చరిత్రకారుడు హ్యూ ట్రెవర్‌రోపర్ వాదించాడు. 1746లో కలొడెన్ దగ్గర కొండజాతుల నడుం విరగ్గొట్టాక, వాళ్ళ బట్టల్నే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1822లో రాజు నాలుగో జార్జి ఎడింబరో వచ్చినప్పుడు, వాల్టర్ స్కాట్ ముందుండి ఆ బట్టలనే ఊరంతటికీ పండగ వేషంగా తొడిగించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే సదర్లండ్ లాంటి చోట్ల దొరలు సొంత కౌలుదార్లను ఇళ్ళలోంచి గెంటి గొర్రెల్ని మేపుకుంటున్నారు. అంటే ఆ నవలల్లోని కొండలు, కోటలు, వంశాల ఆప్యాయతలు చాలావరకు ఓడిపోయినవాళ్ళ మీద గెలిచినవాళ్ళు అల్లిన కల.

అయినా ఆ కల్లబొల్లి కథలో ఒక నిజాయితీ ఉంది. ఆడపిల్ల మనసులో ఏముందో అడుగుతుంది. శత్రువంశం వాడికి కట్టబెట్టిన పిల్ల ఆ ఇంట్లో మొదటి రాత్రి ఎలా పడుకుంది, ఎవరిని చూసి భయపడింది, ఎప్పుడు నవ్వింది అని చెబుతుంది. చివరి పేజీలో ఆవిడ బతికే ఉంటుంది. మన దగ్గర ఎన్నో వంశాలు, ఎన్నో కోటలు, ఎన్నో పగలు. ఈ ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు ఎంతమంది?

పల్నాడు చూడండి. కారెంపూడి యుద్ధం కూడా 12వ శతాబ్దమే. ఆ కింకేడ్ దొర కథకీ మన కథకీ మధ్య వందేళ్ళు కూడా లేవు. దాయాదుల పోరు, రాజ్యభాగం, అరణ్యవాసం, కోడిపందెం, విషప్రయోగం, కులం గోడ దాటి బ్రహ్మనాయుడు సహపంక్తి పెట్టిన చాపకూడు, అన్నీ ఉన్నాయి. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్నారు. అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేశారు. కారెంపూడిలో కార్తీకంలో వీరుల తిరునాళ్ళు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఇంత సరుకున్న కథలో నాగమ్మ ఎవరు? చిన్నప్పుడే మొగుడు పోయిన ఆడది, తెలివితో మంత్రి పీఠం ఎక్కింది. ఒక వితంతువు 12వ శతాబ్దంలో రాజ్యం నడిపిందంటే ఆవిడ తలలో ఏముందో తెలుసుకోవాలని మన నవలాకారులకు దురద పుట్టాలి. పుట్టలేదు. కోడిపందెంలో మోసం చేసిందన్న ముద్ర ఒక్కటే నిలిచింది. సంక్రాంతికి బరులు కట్టి, కోడి కాలికి కత్తి కట్టి, లక్షలు తగలేసే మా జిల్లా మగమహారాజులు నాగమ్మ పందెం గురించి నీతులు చెబుతుంటే వినాలి మరి!

ఇక బొబ్బిలి. 1757 జనవరి 24. విజయనగరం పూసపాటి విజయరామరాజు వెనక ఉండి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని నడిపిస్తే, బొబ్బిలి రాజు రంగారావు కోట కూలింది. ఈ వివరాలు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఇంగ్లీషులో రాసి పెట్టాడు. కోట నిలవదని తేలాక ఇళ్ళకు నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటపడ్డ ఆడవాళ్ళని, పిల్లల్ని పొడిచారు. పొడిచింది ఫ్రెంచివాళ్ళు కాదు. ఆ నెత్తుటి మధ్య ఒక ముసలాయన రంగారావు చిన్న కొడుకుని దాచి, తండ్రి ఆజ్ఞ మీరి, తెచ్చి ఫ్రెంచి అధికారి లా చేతుల్లో పెట్టాడు. మూడో రాత్రి బొబ్బిలి పక్షం తాండ్ర పాపారాయుడి వాళ్ళు విజయరామరాజుని గుడారంలోనే పొడిచి చంపారు. ఇదంతా నాటకమైంది, బుర్రకథైంది, 1964లో ఎన్టీఆర్ సినిమా అయింది, 1986లో కృష్ణంరాజు సినిమా అయింది. గుడారం సీనుకి చప్పట్లు కొట్టని తెలుగువాడు లేడు. మగపిల్లాణ్ణి ఒకణ్ణి దాచగలిగినప్పుడు ఆడపిల్లని ఎందుకు దాచలేదు అని అడిగిన తెలుగువాడు నాకు తగల్లేదు.

మన నవల పుట్టినప్పటి నుంచీ ఈ తప్పించుకోవడం ఉంది. చిలకమర్తివారు 1896లో 'హేమలత' రాసినప్పుడు ఎక్కడికెళ్ళారు? రాజపుత్రుల దగ్గరికి. రాజమండ్రిలో కూర్చుని, బొబ్బిలి పక్కనే పెట్టుకుని, రాజస్థానం వెళ్ళారు. అప్పుడు అది దేశభక్తి. ఈ పిల్ల స్కాట్లండు వెళితే మాత్రం దిక్కుమాలినతనం! ఒక్కడు మాత్రం ఇంట్లోనే వెతికాడు, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన అడివి బాపిరాజు. 'గోన గన్నారెడ్డి'లో గజదొంగ గన్నారెడ్డి పెళ్ళిపందిట్లోంచి పెళ్ళికొడుకుని ఎత్తుకుపోతాడు. ఆ పెళ్ళికూతురు అన్నాంబిక అక్కణ్ణుంచి ఏడుస్తూ కూర్చోదు, కథని తన చేతుల్లోకి తీసుకుంటుంది. ఆ స్కాట్లండు దొరల నవలలు రాసేవాళ్ళు చూస్తే కుళ్ళుకుంటారు అలాంటి ఎత్తుగడకి. ఆ నవల తప్పిపోయి పుట్టిన బిడ్డలా ఒంటరిగా మిగిలిపోయింది. 2015లో అదే గన్నారెడ్డి పాత్రతో 'రుద్రమదేవి' సినిమా వస్తే, హాల్లో ఈలలు రాణికా, గన్నారెడ్డికా? చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఎందుకిలా అంటే, మా తోటల భాషలో చెబుతాను. పూత మీదే తోటని గుత్తకిచ్చేస్తే కాయ మీద ఇక రైతుకి హక్కుండదు. మన వంశకథల్ని మనం పూత మీదే కులసంఘాలకి గుత్తకిచ్చేశాం. బొబ్బిలి కథ ఒకరిది, విజయనగరం కథ ఇంకొకరిది, బ్రహ్మనాయుడు ఒకరి ఫ్లెక్సీ మీద, నాగమ్మ మరొకరి ఫ్లెక్సీ మీద. శత్రువంశం కుర్రాణ్ణి ప్రేమించిన పిల్ల కథ రాయండి చూద్దాం. నవల అచ్చయ్యేలోపే రెండు కులాల వాళ్ళూ ప్రెస్సు ముందు ఉంటారు. ఇవాళ మన ఊళ్ళలో ఆ పని చేసిన పిల్లలకి ఏం జరుగుతోందో పేపర్లో చదువుతూనే ఉన్నాం. అందుకే మనవాళ్ళు చారిత్రక ప్రేమకథ రాయలేకపోతున్నారు. ఊహ లేక కాదు, పక్కింటివాడి భయం. స్కాట్లండు వంశాల పగ చల్లారి వాళ్ళకి టూరిజం అయింది. మన పగ చల్లారలేదు, ఎన్నికల లెక్క అయింది.

కథలకు మాత్రం కొరత లేదు. నూజివీడు సంగతే తీసుకోండి. మేకా అప్పారావుల సంస్థానం. 1802 శాశ్వత సెటిల్‌మెంటు రోజుల్లో పాత జమీ నూజివీడు, నిడదవోలుగా చీలింది. ఆ తర్వాత ఎస్టేటు పంచేదా, పంచకూడనిదా అని అన్నదమ్ములు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళారు. 1880లో లా రిపోర్టులకెక్కిన ఆ తీర్పు, పంచవలసిందే అంది. కత్తులు పోయి ప్లీడర్లు వచ్చారన్నమాట. నన్నడిగితే నవలలన్నీ ఆ కోర్టు కాగితాల్లోనే ఉన్నాయి. బుర్రకథలో ఆడది కాలిపోతుంది. జమీందారీ దావాల్లో ఆడది బతికుంటుంది, మనోవర్తి అడుగుతుంది, దత్తత మీద పోట్లాడుతుంది, వీలునామా చూపించమంటుంది. మన సాహిత్యం మొదటిదాన్ని దేవతని చేసింది, రెండోదాన్ని గయ్యాళి అంది.

ఈ వంశపు కొమ్మే మీర్జాపురం, నూజివీడుకి కూతవేటు దూరం. అక్కడి రాజావారు మద్రాసు వెళ్ళి, ఆగిరిపల్లి కొండమీది శోభనాచలస్వామి పేరున్న స్టూడియో నడిపారు. 1949లో ఆయన తీసిన సినిమా 'కీలుగుఱ్ఱం'. అదే ఏడు ఆయన భార్య, నటి కృష్ణవేణి నిర్మించిన 'మనదేశం' శరత్ బెంగాలీ నవల మీద తీసింది. ఎన్టీఆర్ తెరకెక్కింది అందులోనే. రెండూ గొప్ప సినిమాలే, నాకు పేచీ లేదు. కానీ చూడండి, సొంత ఇంట్లో రెండొందల ఏళ్ళ కథ పెట్టుకున్న సంస్థానం డబ్బు చెక్క గుర్రం ఎక్కింది, బెంగాల్ వెళ్ళింది, ఇంటికి మాత్రం రాలేదు.

అభ్యుదయవాదుల అభ్యంతరం నాకు తెలుసు. "జమీందార్లని హీరోలు చేస్తారా? శిస్తు కట్టలేక ఊళ్ళొదిలిన రైతుల సంగతేంటి?" న్యాయమైన ప్రశ్నే. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం రావడానికీ, 1948లో జమీందారీలు రద్దవడానికీ ఎంత రక్తం, ఎన్ని సభలు ఖర్చయ్యాయో కృష్ణా జిల్లావాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ అయ్యా, దొరే హీరో కావాలని ఎవరన్నారు? శిస్తు వసూలుకొచ్చిన కరణం కొడుకు, ఎదురు తిరిగిన రైతు కూతురు ఉన్నారు. పనసచెక్కతో వీణలు చెక్కే నూజివీడు పనివాళ్ళున్నారు. బొబ్బిలిలోనూ అదే పని చేసే చేతులున్నాయి. ప్రేమించే హక్కుని జమీందార్లకి వదిలేసి, రైతుకి పోరాటం ఒక్కటే మిగిల్చింది మీరే.

పైగా ప్రేమ నవల అంటేనే మనవాళ్ళకి వెకిలి. ఇది కొత్త కాదు. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' రాస్తే ఆడవాళ్ళు పత్రికలో నెల నెలా కాచుకుని చదివారు. మగ విమర్శకులు కాలక్షేపం బఠానీలన్నారు. ఆ నవలల్లో మేడలూ కార్లూ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అన్నం వండి, అంట్లు తోమి, రాత్రి బుడ్డి దీపం దగ్గర ఆ పత్రిక తెరిచిన ఆడది తన ఇష్టానికీ ఒక విలువ ఉందని మొదటిసారి చదివింది అందులోనే. ఆ పాఠకురాలి మనవరాలే ఇవాళ ఫోన్లో స్కాట్లండు దొరని చదువుతోంది. అవ్వని వెక్కిరించిన నోళ్ళే మనవరాలినీ వెక్కిరిస్తున్నాయి.

నేనైతే ఒక నవల చదవాలని కాచుకుని ఉన్నాను. 1757 జనవరి 24 సాయంత్రం బొబ్బిలి కోటలోంచి ఒక పిల్ల తప్పించుకుంటుంది. తన అన్న చేతిలోని బాకు నుంచి తప్పించుకుంటుంది. శత్రు సైన్యంలోని ఒక కుర్రాడు చూసి, చూడనట్టు తల తిప్పుకుంటాడు. ఆ పిల్ల మగవేషంలో దక్షిణానికి నడిచి, గోదావరి దాటి, నూజివీడు సీమకి వచ్చి బతుకుతుంది. చచ్చిపోయిందని బొబ్బిలిలో ఆవిడ మీద పాట కట్టేశారు. ఊరూరా తిరిగే కథకుడు ఆ పాట ఆవిడ గుమ్మం ముందే పాడతాడు. ఆవిడ బియ్యం వేస్తుందా, తలుపేసుకుంటుందా? ఆ తల తిప్పుకున్నవాడు ఏమయ్యాడు? ఇది రాయలేని భాష కాదు మనది.

సంక్రాంతికో ఉగాదికో నవలల పోటీలు పెట్టే సంపాదకులకి, ప్రచురణకర్తలకి ఒక విన్నపం. వచ్చే ఏడాది చారిత్రక ప్రేమ నవలల పోటీ పెట్టండి. తెలుగు నేల మీద జరగాలి, కులసంఘాల అనుమతి అడగకూడదు, నాయిక చివరిదాకా బతికుండాలి. న్యాయనిర్ణేతల్లో సగంమందైనా పాతికేళ్ళలోపు ఆడపిల్లలు ఉండాలి. ప్రైజు డబ్బు తక్కువైనా ఫరవాలేదు, రాసేవాళ్ళు ఉన్నారు.