సర్వర్ మూగబోతే.. నీటి లెక్క గల్లంతే!

* పరికరాలు పనిచేస్తున్నా ఆగిపోతున్న సమాచారం
* లోపం సిగ్నల్‌ది కాదు.. ప్రోగ్రామ్‌ది

అవుకు: జలాశయాల నీటిమట్టం, భూగర్భజలాల లోతు, వర్షపాతం తదితర వివరాలను సెన్సర్ల ద్వారా సేకరించి ఒకచోట చూపే విధానం రాష్ట్రంలో కొన్నేళ్లుగా అమలులో ఉంది. ఒక సెన్సర్ పాడైతే ఆ ఒక్కచోటి లెక్కే పోతుంది. అన్నింటినీ పలకరించే సర్వర్ కూలితే మొత్తం లెక్క ఆగిపోతుంది.

ఈ ప్రమాదం అవుకు వంటి ప్రాంతానికి చిన్నది కాదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచర్ల, గోరుకల్లు మీదుగా కృష్ణా జలాలు ఇక్కడికి చేరి, సొరంగాల ద్వారా గండికోటకు సాగుతాయి. రెండో సొరంగం 2023 నవంబరు 30న ప్రారంభం కావడంతో రెండింటి సామర్థ్యం 20 వేల క్యూసెక్కులకు చేరింది. అంత నీరు పారితే ఒక్కరోజులో 1.7 టీఎంసీలు దాటుతుంది. అవుకు జలాశయ సామర్థ్యమే సుమారు 4.15 టీఎంసీలు. వరద వేళ ఒక పూట సమాచారం అందకపోయినా ఫలితం ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఎందుకు కూలుతుంది?

సర్వర్ నిర్ణీత వ్యవధిలో ఒక్కో పరికరాన్ని పలకరించి జవాబు తీసుకోవడాన్ని సాంకేతిక పరిభాషలో 'పోలింగ్' అంటారు. ఆలస్యం కాకుండా ఒక్కో పరికరానికి ఒక్కో 'థ్రెడ్'ను, అంటే ప్రోగ్రామ్‌లోనే ఒక్కో పనివాడిని, కేటాయిస్తారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఉదాహరణకు నిమిషానికోసారి 500 పరికరాలను పలకరించే సర్వర్‌లో 40 పరికరాలు కనెక్షన్ కలిసీ జవాబివ్వలేదనుకుందాం. వేచి ఉండే గడువు విధించకపోతే నిమిషానికి 40 థ్రెడ్లు అలాగే నిలిచిపోతాయి. లైనక్స్ సర్వర్లలో ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరవగల కనెక్షన్ల పరిమితి సాధారణంగా 1,024. అరగంట తిరగకముందే అది దాటిపోతుంది. సర్వర్‌ను మళ్లీ ఆన్ చేస్తే కాసేపు నడిచి మరలా ఆగుతుంది.

రెండో కారణం మరింత ప్రమాదకరమైనది. ఒకే పట్టికలో ఇద్దరు పనివాళ్లు ఒకేసారి రాస్తే లెక్క చెడిపోతుంది. ఇది ఎప్పుడు జరుగుతుందో ముందుగా చెప్పలేం.

అమెరికా నేర్పిన పాఠం

2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మంది చీకట్లో మగ్గిన సంగతి విదితమే. ఒహాయోలోని ఫస్ట్‌ఎనర్జీ సంస్థ కంట్రోల్ రూమ్‌లో హెచ్చరికల ప్రోగ్రామ్ ఇటువంటి లోపంతోనే ఆగిపోయింది. మధ్యాహ్నం 2.41కి ప్రధాన సర్వర్, 2.54కి దాని స్థానంలోకి వచ్చిన రెండో సర్వర్ కూలాయి. రెండింటిలోనూ అదే ప్రోగ్రామ్ ఉండటం గమనార్హం. హెచ్చరికలు ఆగిన విషయాన్ని సిబ్బంది గంటకు పైగా గుర్తించలేకపోయారు. తెర నిశ్శబ్దంగా ఉంటే అంతా సవ్యంగానే ఉందని భావించారు.

చేయవలసినదేమిటి?

* ప్రతి పలకరింపునకు గడువు ఉండాలి. 5 సెకన్లలో జవాబు రాకపోతే వదిలి ముందుకు సాగాలి.
* 500 థ్రెడ్లకు బదులు 20 థ్రెడ్లతో వరుస పద్ధతిలో పని నడపాలి. పై ఉదాహరణలో మూగ పరికరాలు 40 ఉన్నా, వాటికోసం అదనంగా పట్టేది 10 సెకన్లే.
* పట్టికలో ఒకసారి ఒక్కరే రాసేలా తాళం ఉండాలి.
* ఒక పరికరం లోపం మిగతా వాటిని ఆపకూడదు. ఏ పరికరం వద్ద, ఏ సమయంలో తప్పు జరిగిందో నమోదు కావాలి.
* థ్రెడ్ల సంఖ్యను నిమిషానికోసారి రాసుకోవాలి. మెట్లు మెట్లుగా పెరుగుతుంటే గడువు లోపం. సంఖ్య పెరగకుండానే కూలితే పట్టిక తగాదాను అనుమానించాలి.

అన్నింటికీ మించి, తెరపై ప్రతి అంకె పక్కన అది చేరిన సమయం కనిపించాలి. సర్వర్ ఆగితే వేరే యంత్రం గంట మోగించాలి. నిన్నటి నీటిమట్టాన్ని నేటిదిగా నమ్మి గేట్ల నిర్ణయం తీసుకోవడం కన్నా, లెక్క అందలేదని తెలిసి గట్టుపైకి మనిషిని పంపడమే మేలు. ఈ సరిచూపు వరద వచ్చాక కాదు, కాలువలు ఖాళీగా ఉన్న వేసవిలోనే పూర్తి కావాలి.