మాత వచ్చే ఇంట్లో టిఫిన్లు ఎందుకు?

అక్టోబరు వస్తే మా కాసిపేటలో సాయంత్రాలే మారిపోతాయి. జపమాల మాసం కదా, మరియమాత స్వరూపం రోజుకో ఇంటికి వెళ్తుంది. ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దుగూకాక పాటలతో పక్కింటికి. ఆ ఒక్క రోజు కోసం ఇల్లాలు పడే హడావుడి మీకు చెప్పక్కర్లేదు. మా దగ్గర బొగ్గు దుమ్ముకి తెల్లటి మాత ముఖం రెండ్రోజులకే మసకబారుతుంది. తడిగుడ్డ గట్టిగా పిండి, కళ్ల దగ్గర రంగు పోకుండా మెల్లగా అద్దాలి. వేళ్ల సందుల్లో దుమ్ముకి పాత టూత్‌బ్రష్షే గతి. ఈ పని మగవాళ్లు చేయగా నేనైతే చూడలేదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

పోయిన అక్టోబరులో మా వరుసలో అద్దెకుండే ఒక చెల్లె నన్ను పక్కకు పిలిచి, "అక్కా, మా ఇల్లు ఇడిసిపెట్టి పక్కింటికి తీస్కపోండ్రి" అంది. భర్తది బాయిలో కాంట్రాక్టు పని. ఉండేది ఒక్కటే గది.

"మాత వస్తుంటే వద్దంటావా?" అన్నాను.

"మాత వస్తే ఏమున్నదక్కా, దీపం పెడ్త. మాతతోని నలభై మంది వస్తరు గద!"

నాకు మాట రాలేదు. ఆ అలవాటు పెంచిన వాళ్లలో నేనూ ఉన్నాను. మొదట్లో చాయ్, బిస్కెట్లు. తర్వాత ఒకరు ఉప్మా పెట్టారు, ఇంకొకరు ఇడ్లీ, వడ. సీరియల్ లైట్లు వచ్చాయి. నా వంతుకి నేను పులిహోర, మిర్చి బజ్జీలు చేసి, అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను. పర్మినెంటు ఉద్యోగం ఉన్న ఇంటికి అది పెద్ద లెక్క కాదు. ఆమెకి మాత్రం వారం రోజుల కూరగాయల ఖర్చు.

ఆ సాయంత్రం స్వరూపం ఆమె గుమ్మం దాటి ముందుకు పోయింది. చంటిపిల్ల చేతులు జోడించి పట్టుకుని, తలుపు పక్కన నిలబడి మొక్కుకుంది.

గుణదల కొండకి మనం ఏటా ఫిబ్రవరిలో వెళ్లి మొక్కేది లూర్దుమాతకే కదా. లూర్దులో 1858 ఫిబ్రవరి 11న ఆ తల్లి కనిపించింది పుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన 14 ఏళ్ల పిల్లకి, బెర్నదెత్తమ్మకి. తండ్రికి పిండిమిల్లు చేజారిపోయింది. అమ్మానాన్న, నలుగురు పిల్లలు ఒకప్పుడు జైలుగా వాడి వదిలేసిన ఒక్క గదిలో తలదాచుకునేవారు. వాళ్లు మా వాడలో ఉంటే, మేం ఆ గుమ్మం కూడా దాటేసి పోయేవాళ్లమే.

ఇంటికొచ్చిన వాళ్లకి ఏమీ పెట్టకుండా పంపడం మర్యాదేనా అంటారు పెద్దవాళ్లు. చుట్టాలకైతే పెట్టాల్సిందే. ఇది చుట్టరికం కాదు, జపం. మంచినీళ్లు చాలు. ఉన్నవాళ్లు పెడతారు, లేనివాళ్లు మానేస్తారు అనే మాట కూడా నేను ఒప్పుకోను. ఒక్కరు పెట్టినా మర్నాటి ఇల్లాలికి రాత్రి నిద్ర పట్టదు. మానితే అందరం మానాలి. కడుపునిండా తినాలనుంటే నెలాఖరున గుడి దగ్గర తలా ఇంత బియ్యం, పప్పు వేసుకుని కలిసి వండుకుందాం.

ఈ అక్టోబరులో మొదటి రోజు వంతు మాదే. బిందెడు నీళ్లు, నాలుగు గ్లాసులు పెడతానని ఇంట్లో చెప్పేశాను. మా అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కనీసం బిస్కెట్లన్నా పెట్టమంటోంది.