జుట్టు ఊడుతోందా? మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి

పోచంపల్లి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు ముప్ఫై. ఇంట్లోనే మగ్గం. ఆయన నేస్తారు, ఈమె ఆసు పోస్తారు. సంక్రాంతి పండుగ నుంచి తల దువ్వితే చాలు దువ్వెన నిండా వెంట్రుకలేనట. దిండు మీద, అన్నం పళ్ళెంలో, చివరికి ఆసు మీద దారంతో పాటు కూడా చుట్టుకుంటున్నాయట. "మా అత్తమ్మ నీళ్ళు మంచిగ లేవంటది, మా వదిన నూనె మార్చమంటది. మూడు రకాల నూనెలు కొన్న. ఇంట్ల పైసలు ఖర్చయినయి గాని ఊడుడు ఆగలే. ఇగ ఏం చెయ్యాలె?" అని అడిగారు. ఉత్తరం ఆఖర్న, మాటవరసకి చెప్పినట్టు, దసరాకి ముందు విషజ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం పట్టానని, నెలసరి ఎప్పుడూ ఏడు రోజులు ఎక్కువగానే అవుతుందని కూడా రాశారు.

అమ్మా, మీరు అడిగినదానికి సగం జవాబు ఆ ఆఖరి మాటల్లోనే ఉంది.

మన తల మీద ఇంచుమించు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ళ వరకు, నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలు ఎదుగూ బొదుగూ లేకుండా ఊరికే కూర్చుని, రాలిపోతుంది. దాని కుదురులోంచే కొత్తది మొలుస్తుంది. ఈ లెక్కన రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికోసారి తలంటుకునేవాళ్ళకి ఆ రోజు గుప్పెడు కనిపించినా కంగారు పడనక్కర్లేదు.

పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, బాగా రక్తం పోవడం, కడుపు మాడ్చుకుని సన్నబడటం, ఇంట్లో తట్టుకోలేని దుఃఖం... ఇలాంటివి వచ్చినప్పుడు ఒళ్ళు తన బలాన్ని ముఖ్యమైన పనులకి దాచుకుంటుంది. పెరుగుతున్న వెంట్రుకలు బోలెడు ఒక్కసారిగా పెరగడం ఆపేస్తాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలలు గడిచాక. అందుకే దసరా జ్వరానికీ సంక్రాంతి దువ్వెనకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. 2020, 2021లలో కరోనా తగ్గిన చాలామందికి కూడా ఇలాగే, జ్వరం మరిచిపోయాక జుట్టు ఊడింది. మీరు కూడా ఊడటం మొదలైన రోజు నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్ళి, అప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

ఇలా ఊడే జుట్టు సాధారణంగా ఆరు నెలల్లోపు దానంతటదే ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. బట్టతల కాదు. నూనెలు అమ్మేవాళ్ళ అదృష్టం కూడా ఇక్కడే ఉంది. మూడో నెలలో మనం భయపడతాం, నాలుగో నెలలో సీసా కొంటాం, ఆరో నెలలో ఊడటం ఆగుతుంది. పేరు సీసాకి వస్తుంది! గుంటగలగరాకు నూనె, మందారాకు రాసుకుంటే వెంట్రుక మెత్తబడుతుంది, చిక్కు పడదు. హాయిగా రాసుకోండి. కానీ పాతిక రూపాయల కొబ్బరి నూనె చెయ్యని పనేదో వెయ్యి రూపాయల సీసా చేస్తుందని మాత్రం నమ్మకండి.

బాలింతలదీ ఇదే కథ. బిడ్డకి మూడో నెల, నాలుగో నెల నడుస్తుండగా కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. ఏడాది తిరిగేసరికి చాలామందికి సర్దుకుంటుంది. పథ్యం పేరు చెప్పి ఆకుకూర, పప్పు మానిపించి ఒట్టి కారప్పొడి అన్నం పెట్టే ఇళ్ళలో మాత్రం ఆలస్యమవుతుంది. పెద్దవాళ్ళు కోప్పడినా సరే, ఈ ఒక్క విషయంలో కోడలి పక్షమే నాది.

ఇక జవాబులో రెండో సగం. ఏడు రోజులు ఎక్కువగా నెలసరి అయ్యే మనిషికి ఒంట్లో ఇనుము తగ్గిపోతుంటుంది. జుట్టు కుదుళ్ళకి ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే మన వాడకట్టులో ప్రతి రెండో ఇంట్లో ఒకరన్నమాట. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే చెయ్యి 9 వేల సార్లు ఆడించాలి. ఆ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో తల్లి లక్ష్మి పేరుతో ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. భుజం నొప్పి కంటికి కనిపించింది. నెత్తురు తక్కువ కనిపించదు. పని మధ్యలో అన్నం వాయిదా వేసి రెండు గ్లాసుల చాయ్‌తో మధ్యాహ్నం గడిపేస్తుంటే అసలే కనిపించదు.

ఆ చాయ్ సంగతి చెప్పాలి. అన్నంతో పాటుగానీ, తిన్న వెంటనేగానీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట ఎడం ఉంచండి. తోటకూర, పుంటికూర పప్పు, శనగలు, నువ్వులు, సజ్జ రొట్టె తినండి, పైన నిమ్మరసం పిండుకోండి. పులుపులోని సి విటమిన్ ఇనుము పట్టడానికి సాయం చేస్తుంది. మాంసం తినేవాళ్ళకి కార్జం మంచిది, గర్భిణులు మాత్రం వద్దు. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనుకోవడం కేవలం రంగు చూసి మోసపోవడమే.

అయితే తక్కువ బాగా ఉంటే తిండి ఒక్కటే చాలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భిణి కాని స్త్రీకి 12 కన్నా తక్కువైతే రక్తహీనతే. కొందరికి హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వలు అడుగంటి ఉంటాయి, దానికి ఫెరిటిన్ పరీక్ష ఉంది. దాంతో పాటే థైరాయిడ్ కోసం టి.ఎస్.హెచ్. చేయించండి. ఇక్కడొక జాగ్రత్త. జుట్టు కోసమని బయోటిన్ బిళ్ళలు మింగుతున్నవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పి, వారు చెప్పినన్ని రోజులు ఆపి పరీక్షకి వెళ్ళాలి. బయోటిన్ వల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. అయినా బయోటిన్ లోపం అరుదు, లోపం లేనివాళ్ళకి దానివల్ల జుట్టుకి ఒరిగేదేమీ లేదు. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే అండాశయాల సమస్యేమో చూపించుకోవాలి.

అత్తమ్మగారి నీళ్ళ మాటకి వద్దాం. నల్లగొండ ప్రాంతపు బోరునీళ్ళలో ఫ్లోరైడు దెబ్బ ఎముకలకీ పళ్ళకీ తగిలింది, అది అందరికీ తెలిసిన బాధ. జుట్టు విషయంలో చూడాల్సింది నీళ్ళ ఉప్పదనం. సబ్బు నురగ రాని నీళ్ళతో వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగుతుంది. ఊడటం వేరు, తెగడం వేరు. రాలిన వెంట్రుకని వెలుగులో పట్టుకుని చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న ఉండ ఉంటే కుదురు నుంచి ఊడినట్టు, లేకపోతే మధ్యలో తెగినట్టు. తెగేదైతే తడి తల దువ్వడం, గట్టిగా రుద్దడం మానండి, ఆఖరి చెంబు మంచినీళ్ళతో పోసుకోండి. నుదుటి దగ్గర, చెవుల పైన పలచబడుతుంటే జడ బిగించడం తగ్గించండి. బరువైన సవరం రోజూ పెట్టుకోవద్దు.

మరికొందరు యాదగిరిగుట్టలో తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందంటారు. మొక్కు తీర్చుకోండి, కాదనను. కుదుళ్ళు చర్మం లోపల ఉంటాయి, కత్తి పైనే తిరుగుతుంది. కొత్త జుట్టు మొండి కొసలతో వస్తుంది కాబట్టి ఒత్తుగా అనిపిస్తుంది, అంతే.

కుచ్చులుగా ఊడకుండానే పాపిడి ఏటేటా వెడల్పవుతుంటే అది వేరే రకం. అమ్మకో, మేనత్తకో ఉండి ఉంటుంది. ఇది దానంతటదే తగ్గదు, ఆలస్యం చేసినకొద్దీ నష్టం. దీనికి పనిచేసే మందు మినాక్సిడిల్. 1979లో బి.పి. బిళ్ళగా వచ్చింది, ఒంటి మీద వెంట్రుకలు మొలుస్తున్నాయని గమనించి తలకి రాసే మందుగా మార్చారు. మొదటి వారాల్లో ఇంకాస్త ఎక్కువ ఊడుతుంది, భయపడి ఆపకండి. నాలుగు నుంచి ఆరు నెలలు రోజూ రాస్తేనే ఫలితం తెలుస్తుంది, మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. మగవాళ్ళకిచ్చే ఫినాస్టరైడ్ బిళ్ళల్ని గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్ళు మింగకూడదు. విరిగిన బిళ్ళని గర్భిణులు ముట్టుకోకూడదు కూడా, కడుపులో మగబిడ్డకి లోపాలు రావచ్చు.

రూపాయి బిళ్ళంత గుండ్రంగా నున్నగా ఊడితే పేనుకొరుకుడు అంటాం. పేనుకీ దానికీ సంబంధం లేదు. మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ళ మీద పడుతుంది. చాలామందికి ఏడాదిలో తిరిగి వస్తుంది, చర్మవైద్యులు ఆ చోట స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే త్వరగా రావచ్చు. గురివింద గింజ అరగదీసి రుద్దడం మాత్రం వద్దే వద్దు, అది ప్రాణం తీసే విషం. పిల్లల తలలో పొట్టు రాలుతూ వెంట్రుకలు తెగిపోతుంటే తామర కావచ్చు, దానికి పైపూత చాలదు, మింగే మందు కావాలి. ఊడిన చోట చర్మం మెరుస్తూ రంధ్రాలే కనపడకపోతే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పాడైన కుదురు మళ్ళీ రాదు.

పోచంపల్లి వాళ్ళకి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గరే. హైదరాబాదు వెళ్ళగలిగితే గాంధీ, ఉస్మానియాలలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్ళేముందు జ్వరం ఎప్పుడొచ్చింది, ఊడటం ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడారు, నెలసరి ఎన్ని రోజులు అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పాపిడి తీసి, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళప్పుడు నెలకోసారి ఫోన్లో ఫొటో తీయించి పెట్టుకోండి. అద్దంలో రోజూ చూసుకుంటే తేడా తెలియదు, డాక్టరుకి ఆ ఫొటోలు చూపిస్తే తెలుస్తుంది.