కారు డ్రిఫ్టింగ్ సరదా

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్ళు. కారు డ్రిఫ్టింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ప్రమాదమా డాక్టరుగారూ?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: రోడ్డు మీదైతే ప్రమాదమే కాదు, నేరం కూడానమ్మా. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే వంటి ట్రాకు మీద, శిక్షకుడు పక్కనుండగా నేర్చుకోమనండి. మొదట్లో తడి నేల మంచిది. తక్కువ వేగానికే టైర్లు జారతాయి.

బండి జారేటప్పుడు స్టీరింగు దానంతటదే గిర్రున తిరుగుతుంది. బొటనవేళ్ళు చక్రం లోపలికి దూర్చి పట్టుకుంటే కీలు బెణుకుతుంది, ఒక్కోసారి ఎముకే విరుగుతుంది. వేళ్ళు అంచు మీదనే ఉంచాలి. హెల్మెట్, బెల్టు సరేసరి. మూర్ఛ ఉన్నవారు దీని జోలికి పోరాదు. దెబ్బ తగిలాక మెడనొప్పితోపాటు చేతులు తిమ్మిరెక్కితే మెడ కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి.

స్నేహితులు ఫోటోలకని మలుపు బయటి అంచున నిలబడతారు. పట్టు తప్పిన కారు వచ్చేది అటే. నా భయమల్లా వాళ్ళ గురించే.